మనుచరిత్ర టీకా తాత్పర్య సహితం: పద్యాలకి ఐదు నక్షత్రాలు, టీకకి రెండున్నర

ముందే చెప్పేస్తున్నా, కొనండి, డబ్బు దండగ కాదు. కానీ టీకని నమ్ముకుని కొనకండి, పద్యాల కోసం కొనండి. ఈ రెండిటికీ తేడా ఏమిటో చెప్పడానికే ఇంత పొడుగు రివ్యూ రాస్తున్నా, ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగి ఆర్డర్ పెట్టుకోవచ్చు.

అల్లసాని పెద్దన మనుచరిత్ర, ఆరు ఆశ్వాసాలూ, అంటే అధ్యాయాలూ, ఒకే సంపుటంలో, ప్రతిపదార్థం, తాత్పర్యం, అలంకార విశేషాలతో. ప్రచురణకర్తల పేరు రాయడం లేదు, ఎందుకంటే కింద తిట్లు కాస్త ఎక్కువే ఉన్నాయి, వాళ్ల కష్టం మీద నాకు గౌరవం కూడా ఉంది. అట్ట గట్టిది. దారంతో కుట్టిన బైండింగు, విప్పి బల్ల మీద పెడితే దానంతటది మూసుకుపోదు, వందల పద్యాల్లో తిరగాల్సిన పుస్తకానికి ఇది చిన్న విషయం కాదు. పద్యం పెద్ద అక్షరాల్లో వేశారు, అరసున్నలూ బండి ఱలూ తీసేయకుండా ఉంచారు, సంతోషం. టీక మాత్రం ఎంత చిన్న అక్షరాల్లో ఉందంటే నలభై దాటినవాళ్లకి కళ్లజోడు పెట్టుకున్నా కష్టమే. అచ్చుతప్పులున్నాయి. ఒక పద్యంలో ఏకంగా ఒక పాదం ఎగిరిపోయింది, మనకి పద్యం ముందే నోటికొస్తే తప్ప పట్టుకోలేం. పద్యాన్ని పదాలుగా విడగొట్టి ఒక్కసారి ఇచ్చి ఉంటే సగం టీక అక్కర్లేకపోయేది, అది ఇవ్వలేదు.

నేను దీన్ని కొన్నది రెండో ఆశ్వాసం కోసం. వరూధినీ ప్రవరుల ఘట్టం. ప్రవరుణ్ణి మనలో చాలామంది స్కూల్లో “అటజని కాంచె” దగ్గర కలుసుకుని అక్కడే వదిలేసినవాళ్లం. సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకి రాసుకుని హిమాలయానికి పోయాడు, అంబరచుంబి అంటూ పెద్ద పద్యం ఉంది, కంఠతా పట్టాం, మార్కులు పడ్డాయి. ఆ తర్వాత మంచుకి పసరు కరిగిపోయి, ఇంటిదారి తెలియక తిరుగుతుంటే వరూధిని అనే అప్సరస కనిపిస్తుందని, అసలు కావ్యం అక్కడ మొదలవుతుందని మనకి ఎవరూ చెప్పలేదు. చెప్పినవాళ్లు కూడా “ప్రవరుడి నిగ్రహం” అని ఒక ముక్క అని తేల్చేశారు. ఇప్పుడు తీరిగ్గా చదివితే నిగ్రహం సంగతి అటుంచి, ఈ ఘట్టమంతా చూపుల లెక్క అని తెలుస్తోంది: ఎవరు చూస్తున్నారు, ఎవరు చూడనివ్వడం లేదు, చూసినవాళ్లకి ఏమవుతోంది.

ఆ లెక్క మొదటి ఆశ్వాసంలోనే మొదలు. ప్రవరుడి అందం గురించి పెద్దన ఒక చిన్న ఆటవెలది వేస్తాడు: “వాని చక్కదనము వైరాగ్యమునఁ జేసి” అని ఎత్తుకుని, ఆ అందం కోరుకునే ఆడవాళ్లకి అందకుండా పోయిందని, పూచిన సంపెంగ ఆడతుమ్మెదలకి దక్కనట్టే అని చెప్తాడు. ఊళ్లోవాళ్లు చూస్తున్నారు, ఆయన చూడడు. మామూలుగా మన కావ్యాల్లో నాయిక నిలబడుతుంది, నాయకుడో కవో జడ నుంచి గోటి దాకా చూసి వర్ణిస్తారు. ఇక్కడ చూపుకి ఎర మగవాడు. ఆయనకి చూడాలని కోరిక లేక కాదు, తీర్థాలన్నా కొత్త దేశాలన్నా ప్రాణం లేచొస్తుంది, ఎక్కడి నుంచి ఎవరు వచ్చినా ఇంటికి పిలిచి అన్నం పెట్టి మీరేం చూశారో చెప్పండని అడుగుతాడు. ఆయన చూపంతా కొండల మీద, నదుల మీద. మనిషి మీద పడదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే తర్వాతిదంతా అర్థమవుతుంది, టీకలో దీని గురించి ముక్క లేదు.

ఇక వరూధిని. దూరం నుంచి వస్తున్న ప్రవరుణ్ణి చూస్తుంది. పద్యం మొదటి మాటే “చూచి”. చూచి, గల్లుగల్లుమని అందెలు మోగేంత వేగంగా లేచి, పూచిన పోకచెట్టు బోదె పక్కకి వెళ్లి నిలబడి, ఆయన వస్తున్న దారినంతా తన చూపుల వెలుగు అలలతో పాలసముద్రం పొంగినట్టు ముంచెత్తుతుంది. మనిషి ఇంకా దగ్గరికి రాలేదు, మాట లేదు, పలుకు లేదు, కానీ ఆయన నడిచే దారి అప్పటికే ఆవిడ చూపుల్లో మునిగిపోయింది. ఇంతకంటే అధికారం ఏముంటుంది? అయితే ఇదే పద్యంలో ఒక తిరకాసు ఉంది. “చూచి” అని ఆవిడ చూపుతో మొదలుపెట్టిన పెద్దన రెండో పాదానికొచ్చేసరికి ఆవిణ్ణి చూడ్డం మొదలెడతాడు, రొమ్ములు, కొప్పు, సన్నని నడుము అల్లల్లాడాయని. ఆవిడ ప్రవరుణ్ణి చూస్తుంటే పెద్దన ఆవిణ్ణి చూస్తున్నాడు, పెద్దన భుజం మీంచి మనమూ చూస్తున్నాం. చూపు ఆవిడదే కానీ ఆ చూపుని చూసే హక్కు కవి తన దగ్గరే ఉంచుకున్నాడు.

తర్వాత పద్యం “మునుమున్ బుట్టెడు కొంకు” అని మొదలయ్యేది. దీని కోసమైనా ఈ పుస్తకం కొనొచ్చు. ఒక్క చూపుని పట్టుకుని, అది ఎన్ని మెట్లు ఎక్కిందో ఒక్క వాక్యంలో చెప్తాడు. ముందు జంకు, దాంతో కళ్లు నిలకడ లేకుండా కదులుతాయి. తర్వాత సంతోషం, కళ్లు విచ్చుకుంటాయి. తర్వాత కోరికలు, అవి కళ్లని గంతులేయిస్తాయి. తర్వాత లోలోపల మెచ్చుకోలు, దానికి రెప్పలు అల్లాడతాయి. చివరికి ఇక కదలికే లేదు, ఱిచ్చపాటు, చూస్తూ ఉండిపోవడం. ఎవరినైనా మొదటిసారి చూసి ఇష్టపడ్డవాళ్లు అద్దంలో తమ మొహం చూసుకోలేరు కాబట్టి ఇది ఎలా ఉంటుందో వాళ్లకి తెలియదు, పక్కన కూర్చున్న స్నేహితురాలికి తెలుస్తుంది. పెద్దన ఆ పక్కన కూర్చున్న మనిషిలా చూశాడు. టీకాకారుడు ఈ పద్యానికి ప్రతిపదార్థం చక్కగా ఇచ్చాడు, ఆ పని వరకు వంక పెట్టలేం. “గ్రేళ్ళు ద్రిప్ప” లాంటివి నాకు సొంతంగా తెలిసేవి కావు.

అసలు దెబ్బ ఆ తర్వాత పడుతుంది. “అనిమేషస్థితి మాన్పె బిత్తరపుఁజూపు” అనే పద్యం. దేవతలకి రెప్పపాటు ఉండదు, చెమట పట్టదు, మైమరపు తెలియదు. వరూధిని దేవకాంత. కానీ ఈ మనిషిని చూసీ చూసీ, ఆ బిత్తరపు చూపు వల్ల రెప్పలు కొట్టుకోవడం మొదలైంది, ఒళ్లంతా చెమట పట్టింది, మోహంతో తెలివి తప్పింది. భ్రమరకీట న్యాయం అంటాడు, తుమ్మెదనే తలుచుకుంటూ ఉన్న పురుగు తుమ్మెదైపోయినట్టు, మనిషినే భావించి భావించి ఈవిడ మనిషైపోయిందట. ఇక్కడ పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. చూసేవాళ్లది పైచెయ్యి, చూడబడేవాళ్లది కిందచెయ్యి అని మనం అనుకుంటూ ఉంటాం కదా, సినిమాల మీద జరిగే చర్చలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. పెద్దన దాన్ని తిప్పేశాడు. చూసినావిడే మారిపోయింది. చూపుకి దొరికినవాడు ఎలా ఉన్నవాడు అలాగే ఉన్నాడు, పైగా ఆయనకి ఆ సంగతే తెలియదు. స్వర్గంలో పుట్టినావిడ ఒక్క చూపుతో తన జాతి పోగొట్టుకుంది. దీనికి మన టీకలో ఏముందో తెలుసా? అలంకారం పేరు, దాని లక్షణం, అయిపోయింది. తాత్పర్యంలో పద్యాన్నే వచనంలో తిరగరాశారు. ఎందుకు మారింది, మారితే ఏమిటి, ఏమీ లేదు. రెండున్నర నక్షత్రాల్లో అర తగ్గింది ఈ పేజీ వల్లే.

మాటలు మొదలయ్యాక ఇంకా సరదా. ప్రవరుడు అడిగే పద్యం అందరికీ తెలిసిందే, “ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ, యొంటిఁ జరించె దోట లేక”. దారి తప్పింది ఈయన, భయపడుతున్నది ఈయన, ఇల్లెలా చేరాలో తెలియక గుండె దడదడలాడుతున్నది ఈయనకి. కానీ అడవిలో హాయిగా తిరుగుతున్నావిణ్ణి పట్టుకుని బెదిరిన లేడి కళ్లదానా అంటాడు, అదే గుక్కలో భయం లేకుండా ఒంటరిగా తిరుగుతున్నావే అని కూడా అంటాడు! కావ్యాల్లో ఆడవాళ్లని పిలిచే అలవాటు పిలుపు అది, నోటికొచ్చింది, అనేశాడు, ఎదురుగా ఉన్న కళ్లలో బెదురు ఉందో లేదో చూడనే లేదు. వరూధిని వదులుతుందా? “ఇంతలు కన్నులుండఁ దెరు వెవ్వరి వేఁడెదు భూసురేంద్ర!” ఇంతింత కళ్లు పెట్టుకుని దారి ఎవర్ని అడుగుతున్నావయ్యా అని. ఆయన ఆవిడ కళ్ల గురించి మాట్లాడాడు, ఆవిడ ఆయన కళ్ల గురించి మాట్లాడింది, లెక్క సరి. ఊరుకోకుండా, ఏకాంతంలో ఉన్న వయసు ఆడవాళ్లని ఏదో నెపం పెట్టి పలకరించడం కాకపోతే వచ్చిన దారి నీకు తెలియదా, మేం అంత అలుసైపోయామా అని కూడా దులిపేస్తుంది. పెద్ద కళ్లున్నాయని మగవాణ్ణి మెచ్చుకుంటూనే ఆ కళ్లు పనిచేయడం లేదని ఎత్తిపొడవడం, అదీ ఆయన నోరు తెరిచిన వెంటనే.

ఇక్కడే ఆడియో గురించి చెప్పాలి. వెనక అట్ట మీద క్యూఆర్ కోడ్ ఇచ్చారు, స్కాన్ చేస్తే ముఖ్యమైన పద్యాలు వినొచ్చు. ఆలోచన మంచిదే. పాడినాయన గొంతు కూడా మంచిదే. కానీ ఈ “ఇంతలు కన్నులుండ” పద్యాన్ని నాటకం పద్యంలాగా సాగదీసి, చివర్లో పెద్ద ఆలాపన తీసి, ఏడుపు రాగంలో పాడితే ఎలాగండీ? అది మొహం మీద అన్న మాట. చురుక్కుమని తగలాలి. ఆయన ఆలాపన పూర్తిచేసేసరికి ప్రవరుడు సగం దారి వెళ్లిపోయి ఉంటాడు. మా అక్కకి వాట్సాప్‌లో పంపితే “ఎవరు పోయారే?” అని అడిగింది.

వరూధిని తన పరిచయం చెప్పుకునే తీరు కూడా చూడండి, “చిన్ని వెన్నెలకందు వెన్నుదన్ని” అంటూ చంద్రుడి తర్వాత పాలసముద్రంలో పుట్టిన లక్ష్మి మాకు తోబుట్టువు అని మొదలెడుతుంది. ఇల్లుంది, పరివారం ఉంది, వంశం ఉంది. ఎదురుగా ఉన్నది కాళ్లకి రాసుకున్న పసరు కరిగిపోయిన మనిషి. ఏ లెక్కన చూసినా బలం ఆవిడదే. ఆయన ఇల్లు, అగ్నిహోత్రం, ముసలి తల్లిదండ్రులు అంటుంటే, యజ్ఞాలు చేసి స్వర్గానికి పోయేది మళ్లీ మా కోసమేగా అన్నట్టు వాదిస్తుంది, “ఆనందో బ్రహ్మ” అని వేదవాక్యం తీసి వేదం చదువుకున్నవాడికే అప్పజెబుతుంది. వాదనలో ఆవిడే గెలుస్తుందని నా అభిప్రాయం. ప్రవరుడి దగ్గర ఆ ముక్కకి సమాధానం లేదు, ఉన్నదల్లా వద్దనడం. అదే ఆయన బలం, అదొక్కటే.

వాదన పని చెయ్యకపోతే ఆవిడ మీదపడి కౌగిలించుకుంటుంది. అప్పుడు ప్రవరుడు “హా శ్రీహరీ” అంటూ ఓరమోమిడి, అంటే మొహం పక్కకి తిప్పేసి, భుజాలు పట్టుకుని తోసేస్తాడు. తోయడం కంటే ఆ మొహం తిప్పుకోవడమే పెద్ద దెబ్బ అని నాకనిపిస్తుంది. ఆవిడకి అప్పటిదాకా దక్కనిది ఆయన చూపొక్కటే, చివరి క్షణంలో కూడా అది ఇవ్వలేదు. అందుకే తర్వాతి పద్యంలో ఆవిడ ఏం చేస్తుందో గమనించండి: నువ్వు తోస్తే ఇదిగో ఇక్కడ నీ గోరు గీసుకుంది, చూడు, “కనుంగొనుము” అని చూపించి మరీ ఏడుస్తుంది. నొప్పి అనేది నెపం అని పెద్దనే చెప్తాడు. ఎలాగైనా ఒక్కసారి ఇటు చూడు అని అడగడానికి గాయాన్ని అడ్డం పెట్టుకుంది. కొంతమందికి ఇది నాటకంలా అనిపిస్తుంది, “కలంచునే సతుల మాయల్” అని పెద్దన కూడా పైపైన ఆ పక్షమే మాట్లాడతాడు, ధీరుల మనసుల్ని ఆడవాళ్ల మాయలు కలచలేవని. కానీ పద్యాల నిడివి చూడండి. ప్రవరుడి ధైర్యానికి పాదంలో ముక్క ఇచ్చాడు, వరూధిని ఏడుపుకి పద్యాలకి పద్యాలు ఇచ్చాడు. కవి మనసు ఎటుందో నీతివాక్యం చెప్పదు, నిడివి చెప్తుంది.

మన టీకాకారుడు ఈ రెండు పద్యాల దగ్గరా తాత్పర్యం స్థానంలో ఏం రాశాడంటే, “సుగమము”. అంతే. అందరికీ అర్థమయ్యేదే అని వదిలేశాడు. హిమాలయంలో సెలయేళ్ల మద్దెల మోతకి ఒక పేజీ రాసిన మనిషికి, ఒక స్త్రీ ఒక మగవాణ్ణి కౌగిలించుకునే పద్యం దగ్గరికొచ్చేసరికి అంతా సుగమమైపోయింది. శృంగారం రాయడానికి మొహమాటం ఉంటే ఉండనీయండి, కానీ ఈ కావ్యానికి టీక రాయడానికి ఒప్పుకున్నాక అది కుదరదు కదా. పైగా ఓరమోము అనే మాట సుగమం ఏమీ కాదు, అక్కడ ఆగి నాలుగు ముక్కలు చెప్పాల్సింది.

మూడో ఆశ్వాసంలో గంధర్వుడి కథ ఉంది, ఇది చాలామందికి తెలియదు. ప్రవరుడు అగ్నిని ప్రార్థించి ఇల్లు చేరుకున్నాక వరూధిని విరహంతో చిక్కిపోతుంటుంది. ఇంతకుముందు ఈవిణ్ణి కోరి కాదనిపించుకున్న గంధర్వుడొకడు ఇదే అదనని ప్రవరుడి వేషంలో వస్తాడు. వచ్చి, నాకేం ఇష్టం లేదన్నట్టు బెట్టు చేస్తాడు, అసలు ప్రవరుడి బెట్టు ఎలాంటిదో తెలుసుగా. ఆవిడ బతిమాలుతుంది. అప్పుడు ఒప్పుకుంటూ ఒక షరతు పెడతాడు, కూడేటప్పుడు కళ్లు మూసుకోవాలని. దివ్యదృష్టితో తన అసలు రూపం బయటపడుతుందేమోనని వాడి భయం. ఈ కావ్యానికి మూలమైన మార్కండేయ పురాణం కథలోనే ఉన్న షరతిది. పురాణంలో అదొక కథా సౌకర్యం. ఇక్కడ, చూపుతో దారినే ముంచెత్తినావిడ, చూపు వల్ల దేవత్వం పోగొట్టుకున్నావిడ, ఇంతింత కళ్లున్నాయే అని ఎత్తిపొడిచినావిడ, ఆ కళ్లే మూసుకోవాల్సి వచ్చింది. ఇష్టం లేనివాడికి ఒళ్లు దక్కాలంటే ముందు కళ్లు మూయించాలి. ఇప్పుడైతే దీన్ని మోసం అని కాదు, ఇంకా పెద్ద పేరుతోనే పిలుస్తాం, టీకలో మాత్రం గంధర్వుడి చమత్కారం అని మెచ్చుకోలు. ఇంకో మెలిక, పుట్టిన కొడుకు స్వరోచి గంధర్వుడి పోలికతో కాక అగ్నితేజస్సుతో పుడతాడు, ఎందుకంటే ఆ మూసిన కళ్లతో ఆవిడ తలుచుకున్నది అగ్ని వెలుగుతో వెళ్లిపోయిన ప్రవరుణ్ణే. షరతు పెట్టినవాడికి ఇది తెలిసే అవకాశం లేదు.

దీని పక్కన, పెద్దన ఉన్న శ్రీకృష్ణదేవరాయల కొలువులోనే వచ్చిన ఇంకో కావ్యాన్ని పెట్టుకుని చదివితే బావుంటుంది, నంది తిమ్మన పారిజాతాపహరణం. కృష్ణుడు పువ్వు రుక్మిణికి ఇచ్చాడని తెలిశాక సత్యభామ కోపంలో లేచే పద్యంలో, కళ్ల ఎరుపు చెక్కిళ్ల మీద దిద్దిన కుంకుమ గీతల మీద పడి కొత్త కాంతిని వెదజల్లుతుంది. తర్వాత కృష్ణుడు కాళ్ల మీద పడతాడు, ఎడమకాలితో ఆయన తలని తోసేస్తుంది, సినిమాల్లో హరికథల్లో అందరూ చూసిందే. నాకు ఆ తన్ను కంటే ఏడుపు పద్యం ఇష్టం, ప్రాణవిభుడి కట్టెదుటే కూర్చుని, మొహం మీద చీరచెరగు కప్పుకుని ఏడుస్తుంది. గొంతు వినిపిస్తుంది, మొహం కనిపించదు. కృష్ణుడికి అంతకంటే శిక్ష ఏముంది? వరూధిని చూపు కోసం గాయం చూపించింది, సత్య చూపు అందకుండా చెరగు అడ్డం పెట్టింది, ఒకావిడ ఓడిపోయింది, ఒకావిడ గెలిచింది. పెళ్లాం కాబట్టి గెలిచిందని మా అక్క అంటుంది, మొగుడికి వెళ్లడానికి వేరే ఇల్లు లేదట. అష్టభార్యలున్నవాడికి వేరే ఇల్లు లేకపోవడమేమిటని నేను.

కృష్ణుడు గెలవలేదని కూడా చెప్పలేం. తన్నినందుకు నాకు గౌరవమే, కాకపోతే పులకరించిన నా ఒంటి వెంట్రుకలు ముళ్లలా గుచ్చుకుని నీ చిగురాకు పాదం నొచ్చుకుంటుందేమో అని నా బాధ అంటాడు చూశారా, “నను భవదీయ దాసుని” పద్యంలో. ఎంత బావుంటుందో! పువ్వు మాట మాత్రం అందులో ఎక్కడా లేదు. చేసిన పని ప్రస్తావన లేకుండా క్షమాపణ చెప్పడం మగవాళ్లకి పదహారో శతాబ్దంలోనే వచ్చు.

మనుచరిత్రలో మిగతా ఆశ్వాసాలు, అంటే స్వరోచి వేట, మనోరమ పెళ్లి, చివరికి మనువు పుట్టుక, నిజం చెప్పాలంటే నేను వేగంగా దాటేశాను. వేట వర్ణన ఇష్టమైనవాళ్లకి పండగే. పీఠిక బానే ఉంది, కృష్ణరాయలు, గండపెండేరం, ఆంధ్రకవితాపితామహ బిరుదు, మారన మార్కండేయ పురాణం నుంచి కథ తీసుకోవడం, అన్నీ వరసగా చెప్పారు, కానీ తేలిగ్గా సగానికి కుదించొచ్చు. ప్యాకింగ్ ఒక మూల నలిగి వచ్చింది, మార్చమని అడగలేదు.

ఎవరు కొనాలి అంటే, పద్యం చదవడం కాస్తో కూస్తో అలవాటున్నవాళ్లు. అసలు అలవాటే లేనివాళ్లు, ముఖ్యంగా బయటి దేశాల్లో పెరిగిన పిల్లలకి ఇద్దామనుకునేవాళ్లు, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ చేసిన ఇంగ్లీషు అనువాదం చూడండి, ద స్టోరీ ఆఫ్ మను, 2015లో మూర్తి క్లాసికల్ లైబ్రరీ వాళ్లది, ఒక పేజీలో తెలుగు పద్యం, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉంటాయి. పద్యాలకి ప్రతిపదార్థం కావాలంటే మాత్రం అది సరిపోదు, మళ్లీ ఇలాంటి టీక దగ్గరికే రావాలి.

చదివేటప్పుడు రెండో ఆశ్వాసంతోనే మొదలుపెట్టండి, మొదటిది తర్వాత చదివినా నష్టం లేదు. ఒక్కో పద్యం పైకి చదువుకుని, ఇక్కడ ఎవరు ఎవర్ని చూస్తున్నారో ముందు చూసుకుని, ఆ తర్వాతే కింద టీకలోకి దిగండి. ఆడియో విషయానికొస్తే ఒక్క “దాన జపాగ్నిహోత్ర పరతంత్రుఁడనేని” మాత్రం తప్పకుండా వినండి, పొద్దు పడమటి సముద్రంలో మునగకముందే నన్ను ఇల్లు చేర్చమని ప్రవరుడు అగ్నిని వేడుకునే పద్యం, ఆ గొంతుకి ఆ సాగదీత సరిగ్గా కుదిరింది.